దుల్హన్‌పాషా ఇచ్చిన ద్రాక్షారసం

మా ఇంట్లో ద్రాక్షారసం అంటే కిస్మిస్ నీళ్ళు. ఇందులో నవ్వడానికేం లేదు. బీదరులో మా తెలుగు క్రైస్తవుల సంఘంలో నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉండేది. ఆ రోజు చిన్న రొట్టె ముక్కతో పాటు, బొటనవేలంత గాజు గ్లాసులో తలా ఒక గుక్క ద్రాక్షారసం ఇచ్చేవారు. ఆ రసం చేసేది మా అమ్మ. శనివారం కిస్మిస్ కడిగి నానబెట్టేది. పొద్దు వాలే వేళకు ఉడకబెట్టి, మల్లుగుడ్డలో వేసి గట్టిగా పిండి, చల్లారాక పింగాణీ కూజాలో పోసి మూత పెట్టేది. అంతసేపూ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. వేలు పెట్టి నాకబోతే గరిటె తిరగేసి కొట్టేది. రేపు గుడిలో మోకరించినప్పుడు తప్ప అది ఎవరి నాలుక మీదా పడడానికి వీల్లేదని ఆమె పట్టుదల.

నేను పెద్దదాన్నయ్యి కన్నడ బడిలో పంతులమ్మనయ్యాక కూడా నా తలలో ద్రాక్షారసం అంటే అదే. ప్రభువు పెళ్ళివారింట్లో నీళ్ళను ద్రాక్షారసం చేసిన కథ విన్నప్పుడల్లా నాకు బానల నిండా కిస్మిస్ నీళ్ళే కనిపించేవి. పెళ్ళివారు వాటికోసం అంత సంబరపడడం కొంచెం విచిత్రంగానే ఉండేది. అడిగితే అమ్మ, "ప్రభువు చేసింది గదా, ఇంక మస్తు తియ్యగుండొచ్చు" అనేది. నేను నమ్మాను. చదువుకున్నదాన్ని, ఇంకొకరికి చదువు చెప్పేదాన్ని, నిక్షేపంగా నమ్మాను!

మత్తు పానీయం జన్మలో ముట్టనని మా సంఘంలో ప్రతివాళ్ళూ ప్రమాణం చేయాలి. మా నాయినా చేశాడు. చేసి, తాగాడు. బస్టాండు దగ్గర సైకిళ్ళు బాగు చేసే దుకాణం ఆయనది. చేతిలో పానా ఎంతసేపుండేదో సారా సీసా అంతసేపుండేది. నా చిన్నతనంలో ఒక బల్ల ఆదివారం నాడు తూలుకుంటూ వచ్చి మోకరించబోయి, గ్లాసుల పళ్ళెం మీద పడ్డాడు. పళ్ళెం ఎగిరి రసమంతా మా పాదిరి అయ్యగారి తెల్లటి అంగీ మీద పడింది. ఆ వారమే పెద్దలు కూర్చుని, ఇకమీదట ఆయనకు బల్ల లేదని తీర్మానం చేశారు. తీర్మానానికి అందరికంటే ముందు చెయ్యెత్తింది మా అమ్మ.

అప్పటిదాకా రసం చేస్తూ వచ్చిన ముసలమ్మ ఆ తరువాత కాలం చేసింది. ఆ పని మా అమ్మకు ఇచ్చారు. మొగుడు తీసిన ఇజ్జత్ పెళ్ళానికి తిరిగిచ్చారని మా వాళ్ళు అనుకున్నారు. అమ్మ ఆ పనిని ప్రాణంలా చూసుకుంది. నాయిన మాత్రం ఆదివారం ఆదివారం వచ్చి, గుడి బయట మెట్ల మీద కూర్చుని, పాటలు అయ్యేదాకా విని పోయేవాడు. కామెర్లొచ్చి చావు దాకా పోయి తిరిగొచ్చాక తాగుడు పూర్తిగా మానేశాడు. అయినా పెద్దలకు నమ్మకం కుదరలేదు. చూద్దాం, చూద్దాం అంటూనే ఉన్నారు. చివరికి, మా బడి బోర్డు మీద మైసూరు అన్న మాట మీద సున్నం కొట్టి కర్ణాటక అని రాయించిన ఆ చలికాలంలో, సంఘ పెద్ద ఒకాయన మా దుకాణానికే వచ్చి, డిసెంబరు మొదటి ఆదివారం బల్లకు రమ్మని చెప్పాడు.

ఇక చూడాలి మా నాయినను! తెల్ల చొక్కా ఉతికించి ఇస్త్రీ చేయించి మేకుకు తగిలించాడు. మోకాళ్ళు పట్టేశాయని, మంచంకోడు పట్టుకుని మోకరించడం అలవాటు చేసుకుంటున్నాడు. నేను చూస్తే, "చెప్పు కింద పడింది బిడ్డా" అని దబాయించేవాడు. నాకు నవ్వొచ్చేది, ఆయన చూడకుండా మొహం తిప్పుకునేదాన్ని.

ఆ వారంలోనే దుల్హన్‌పాషా మా అమ్మకు కబురు పెట్టింది.

దుల్హన్‌పాషా అంటే పాత జాగీర్దారు ఇంటి బేగం. పెళ్ళికూతురిగా దేవిడీలో, అంటే జాగీర్దారు భవంతిలో, అడుగుపెట్టిన రోజు నుంచి ఊరంతా ఆమెను అలాగే పిలిచేవారు. తల నెరిసి, భర్త పోయి, జాగీరు ఏనాడో పోయినా ఆమె దుల్హన్‌పాషాయే. మా అమ్మ ఆస్పత్రిలో నర్సు. పాషా పురుళ్ళన్నీ అమ్మే పోసింది. ఆ చనువుతో ఇద్దరికీ స్నేహం. ఆమె మాట్లాడేది దక్కనీ. అమ్మ కూడా ఆమెతో దక్కనీలోనే మాట్లాడేది. నేను దాన్ని మా ఇంటి తెలుగులో రాస్తున్నాను.

అమ్మా నేనూ వెళ్ళేసరికి దేవిడీ అంతా తలకిందులుగా ఉంది. దుల్హన్‌పాషా తమ్ముడిని తోడు తీసుకుని హజ్‌కు పోతోంది. బొంబాయిలో ఓడ ఎక్కాలి. పోయేముందు ఇల్లు శుభ్రం చేయిస్తోంది. మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, దాసీని బయటికి పంపించి, తలుపు దగ్గరగా వేసింది. తరువాత మమ్మల్ని తెహఖానాలోకి, అంటే ఎర్రరాయి తొలిచి కట్టిన నేలమాళిగలోకి, తీసుకుపోయింది. డిసెంబరు చలి ఒకెత్తయితే లోపలి చల్లదనం ఇంకొక ఎత్తు. చెక్క గూటిలో రెండు సీసాలు పడుకోబెట్టి ఉన్నాయి. వాటిమీద దుమ్ము కంబళిలా పేరుకుంది. మూతులకు ఎర్ర లక్క వేసి ముద్ర కొట్టారు. కాగితం చీటీలు పురుగులు తినగా మిగిలిన చోట ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నా ఇంగ్లీషు కాని మాటలేవో రెండు మూడు కనబడుతున్నాయి.

"మా మామగారు విలాయతు నుంచి ఓడల తెప్పిచ్చిండట. అప్పటికి మా సర్కార్ పుట్టనే లేదు" అంది దుల్హన్‌పాషా. సర్కార్ అంటే ఆమె పోయిన భర్త. "గూటి నిండ ఉండేటివి. ఇవే మిగిలినయ్. మా తమ్ముడు చూసి, గిసుంటివి ఇప్పుడు యాడ దొరకయ్, బొంబాయిల పెద్దపెద్దోళ్ళు చేతులు జోడించి అడుగుతరు అన్నడు. అమ్ముడు కూడ గునానే, పాపమే అని చెప్పిన. పారబోద్దామంటే చెయ్యి రాలే. సర్కార్ పాణం వీట్లనే ఉండేది."

"ఏమున్నది పాషా వీట్ల?" అని అడిగింది అమ్మ.

దుల్హన్‌పాషా తల మీది ముసుగు సరిచేసుకుంది. గోడ వైపు చూస్తూ, "అంగూర్ కా రస్ హై. బహుత్ పురానా" అంది.

అమ్మ మొహం వెలిగిపోయింది. నావైపు తిరిగి, "ద్రాక్షారసమటనే!" అంది.

"మీ గిర్జాల గిదే గద తాగేది?" అంది దుల్హన్‌పాషా. "అందుకనే పిలిచిన. దుఆకు, ప్రార్థనకు పనికొస్తే మా సర్కార్ మీది బరువు జర దిగుతది. నేను పోయేటి తొవ్వ సాఫ్ అయితది. తీస్కపో."

ఆ మనిషి జన్మలో షరాబ్ అన్న మాట నోటి వెంట రానివ్వలేదని నాకు చాలాకాలం తరువాత తెలిసింది. ఆ మాట పలికితేనే నోరు మైల పడుతుందని ఆమె భయం. అందుకని అంగూర్ కా రస్ అంది. మా అమ్మేమో ఆ మాటను ఉన్నదున్నట్టు తెలుగు చేసుకుంది. ఇద్దరూ భక్తురాళ్ళే, ఇద్దరికీ అది నిషిద్ధమే. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆ రెండు సీసాలనూ ఎంత పవిత్రంగా ఇచ్చిపుచ్చుకున్నారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

పాతది కదా, పాడయ్యుండదా అన్న అనుమానం నాకు రాకపోలేదు. అమ్మ కసిరింది. "పాత నెయ్యి మందుకు పనికిరాదా? పాత తేనె పాడైతదా? దేవుడే పంపిండు. మీ నాయిన మళ్ళ బల్ల కాడికొచ్చే దినం, అసలు ద్రాక్షల రసం! ఆయనకు చెప్పకు. ఆదివారమే తెలుస్తది." పాషా ఇంకొక మాట కూడా చెప్పింది, తెరిచాక గంటసేపు గాలి తగలనివ్వాలని సర్కార్ అనేవారట. అమ్మ దాన్ని వేదవాక్యంగా పట్టుకుంది.

శనివారం నాకు ఒంటిపూట బడి. నేను వచ్చేసరికి అమ్మ తలంటుకుని, తెల్లచీర కట్టుకుని, సీసాలు కడిగి పీట మీద పెట్టింది. కిస్మిస్ పొట్లం ఆ పక్కనే విప్పకుండా ఉంది. నాయిన దుకాణంలో ఉన్నాడు. కూరలు తరిగే కత్తితో లక్క చెక్కేసి బిరడా లాగబోతే మొదటి సీసాలో అది లోపలికి దిగబడింది. గుప్పున పులుపు వాసన కొట్టింది.

"సిర్కా అయింది" అంది అమ్మ, ముక్కు చిట్లించి. సిర్కా అంటే వెనిగరు. ఒక చుక్క నాలుక మీద వేసుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. "అచ్చం సిర్కానే. ఉల్లిగడ్డలు నానేసుకోవచ్చు తీ." దాన్ని పొయ్యి వెనక్కి జరిపేసింది. మా వంటింటి పొయ్యి వెనక, ఉప్పు జాడీ పక్కన, పాషా మామగారు ఓడలో తెప్పించిన సీసా!

రెండో సీసా బిరడా పొడిపొడిగా రాలింది. అమ్మ మల్లుగుడ్డ అడ్డం పెట్టి గిన్నెలోకి వంచింది. చిక్కటి నేరేడు రంగు వస్తుందని నేను చూస్తున్నాను. వచ్చింది పలచటి ఇటుక రంగు, పాత బెల్లం నీళ్ళలో కలిపినట్టు. అడుగున నల్లటి మడ్డి గుడ్డలో మిగిలిపోయింది. పాషా చెప్పినట్టు గంటసేపు వదిలేశాం. ఆ గంటలో వాసన మెల్లగా లేచి ఇల్లంతా పాకింది. అది ఒక్క వాసన కాదు. ఎండు అంజీరా, పొగాకా, పాత చెక్కపెట్టె తెరిస్తే వచ్చే వాసనా? నేను పేరు పెట్టేలోగా మారిపోయేది. బాగుందో బాగాలేదో తెలియదు గానీ, గిన్నె దగ్గర నుంచి లేవబుద్ధి కాలేదు.

మొదటి సీసా అలా అయింది కాబట్టి ఈసారికి రుచి చూడక తప్పదంది అమ్మ. ముందు నేను తాగాను. అయ్యో, నా మొహం అప్పుడు ఎవరైనా చూడవలసింది! తీపి కోసం చాచిన నాలుక ముడుచుకుపోయింది. పులుపు, దాని వెనకే పచ్చి అరటికాయ తిన్నట్టు చిగుళ్ళు పట్టేసే వగరు. "థూ! ఇదేందమ్మా, చేదు" అన్నాను. ఉమ్మేద్దామని లేచాను. లేచే లోపల గుటక పడింది. పడగానే ఛాతీలో వెచ్చగా ఒక గీత గీసినట్టయింది. ఆ తరువాత, నోరు ఖాళీ అయిపోయాక, అప్పుడు వచ్చింది తీపి. ఎక్కడి నుంచి వచ్చిందో! మింగేసినదాని రుచి మింగాక రావడం నేను ఎన్నడూ ఎరుగను. నోట్లో ఏమీ లేదు, రుచి మాత్రం పోవడం లేదు. నేను నిలబడ్డచోటే కొయ్యబారిపోయాను.

"ఎట్లున్నది?" అంటోంది అమ్మ.

"తెల్వదు" అన్నాను. నిజంగానే తెలియలేదు.

"ప్రభువు బల్ల మీద పెట్టేది, తెల్వదంటే ఎట్ల?" అని అమ్మ అరగ్లాసు ఒంపుకుని మందు తాగినట్టు గటగటా తాగేసింది. తరువాత కళ్ళు పెద్దవి చేసి, "అవ్వ! గిదేంది, లోపలికి పోయినంక మల్ల మాట్లాడుతుంది?" అంది. ఒక్కసారితో ఏం తెలుస్తుందని ఇంకో గ్లాసు తాగింది. అది పూర్తయ్యేసరికి చెవులు ఎర్రబడ్డాయి. శాలువా తీసి అవతల పారేసింది. "ఏందే, గింత ఉడకపోస్తుంది?" డిసెంబరులో!

"పాతది గదా, వేడి చేసిందేమో" అన్నాను నేను, చదువుకున్నదాన్ని.

అమ్మ నవ్వింది. ఆ నవ్వు నేనెన్నడూ వినలేదు. సన్నగా, చిన్నపిల్ల కితకితలు పెట్టించుకున్నట్టు, ఆగకుండా. నవ్వుతూనే సమాధుల దగ్గర పాడే పాట ఒకటి అందుకుని దాన్ని పెళ్ళి పాట వరసలో పాడడం మొదలుపెట్టింది. వార్డులో అమ్మ నడిచొస్తుంటే చెప్పులు చేతిలో పట్టుకుని పక్కకు తప్పుకునే ఆయాలు ఈ అవతారం చూస్తే ఏమైపోయేవారు! నాకు కూడా కాళ్ళ కింద నేల మెత్తబడినట్టుంది. అయినా, ఒట్టేసి చెబుతున్నాను, అది షరాబు అయివుంటుందన్న ఊహే మా ఇద్దరికీ రాలేదు.

ఆ సమయానికి నాయిన అన్నానికి వచ్చాడు.

గడపలో ఒక కాలు పెట్టి ఆగిపోయాడు. ముక్కు ఎగరేశాడు. మొహంలో నెత్తురు దిగిపోయింది. భుజం మీది తువ్వాల తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుని, పెట్టిన కాలు వెనక్కి తీసుకుని వాకిట్లోకి పోయి నిలబడ్డాడు.

"ఇంట్ల ఎవరు తాగిండ్రు?" అని అరిచాడు బయట నుంచే.

మా ఇంట్లో ఎవరో తాగారని మా నాయిన అడుగుతున్నాడు! నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. అమ్మ గోడ పట్టుకుని తలుపు దాకా వచ్చి, "నీ నోరు పడిపోను. గది ద్రాక్షారసం. పాషా ఇచ్చింది. రేపు బల్లకు" అంది.

"గది షరాబే పిచ్చిదానా! నాకు తెల్వదా వాసన? నేను తాగిన గలీజు సారా గాదు గది, జాగీర్దార్లు తాగేటి అసలుది."

"షరాబెట్లయితది? ద్రాక్షల రసం!"

"ద్రాక్షల రసం పులిస్తేనే షరాబు. వాక్యంల ఉన్నది గదే. ప్రభువు పెండ్లింట్ల చేసింది గూడ గదే. ఆఖర్న మంచిది తెచ్చినవని పెండ్లిపెద్ద మెచ్చుకున్నడా లేదా? కిస్మిస్ నీళ్ళకు గట్ల ఎవడన్న మెచ్చుకుంటడా? మెట్ల మీద కూసోని కూసోని నేను ఎన్నిసార్లు సోంచాయించిన్నో నీకేం ఎరుక."

అమ్మ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మెల్లగా కిందికి జారి గడప మీద కూర్చుంది. "గిన్నేండ్లు తెలిసి ఎందుకు చెప్పలేదు?" అంది.

"తాగుబోతు మాట ఎవరింటరే?" అన్నాడు నాయిన. కోపంగా అనలేదు. ఎండలో నిలబడి, తువ్వాల ముక్కు మీద నుంచి తీయకుండా, "తలుపులన్ని తెరువు బిడ్డా. వాసన పోయినంక వస్త. రేపు బల్ల కాడికి పోవాలె నేను" అన్నాడు నాతో. తాగి ఇంట్లో కూర్చున్నది మేము. తాగనివాడు తన ఇంటి బయట ముక్కు మూసుకుని నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే, దుకాణానికొచ్చి పిలిచిన ఆ సంఘ పెద్ద వచ్చాడు. రేపు ముందు వరసలో కూర్చోమని నాయినకు చెప్పిపోదామని వచ్చాడట పాపం. బడి నుంచి రిటైరైన హెడ్‌మాస్టరు, అమ్మను చెల్లె అని పిలిచేవాడు. గేటు దగ్గరే ఆయన ముక్కు కూడా ఎగిరింది. లోపల పీట మీద సీసా కనబడుతోంది. వాకిట్లో నాయిన మూతికి తువ్వాల అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఇంకేం కావాలి?

"తువ్వాల తియ్యి తమ్మీ" అన్నాడు పెద్దాయన. "వాసన రాకుంట మూతి మూసుకున్నవా? ఒక్క దినం! ఒక్క దినం ఆగలేకపోయినవా?"

"కాదు పెద్దనాయినా! అది మేము..." అని నేను బయటికి ఉరికాను.

నాయిన నా మాట పూర్తి కానివ్వలేదు. ఒకసారి గడప మీద కూర్చున్న అమ్మను చూశాడు. ఆమె తల నిలవడం లేదు, గోడకు ఆనించుకుంది. ఆయన తువ్వాల తీసి భుజం మీద వేసుకున్నాడు.

"నాదే అన్నా సీసా. తప్పయింది" అన్నాడు.

"నాయినా!"

"నువ్వు ఊకో బిడ్డా."

అమ్మ ఏదో అనబోయింది. నేను తాగిన, నేను, అనే అంది. కానీ మాట ముద్దముద్దగా వచ్చింది. పెద్దాయన ఆమె వైపు జాలిగా చూశాడు. "ఏడువకు చెల్లే. నీ తప్పేం లేదు. నువ్వెంత కాపాడినా వానికి బుద్ధి రాదు" అన్నాడు. అమ్మ మాట ఏడుపు వల్ల తడబడుతోందనుకున్నాడా మహానుభావుడు! అమ్మ తాగుతుందన్న ఆలోచన ఆయన బుర్రకు అందదు. నాయిన తాగడన్న ఆలోచన అంతకన్నా అందదు. నాయిన నోటి వాసన చూడవలసిన పని కూడా లేదనుకున్నాడు.

"నా ముందటనే పారబొయ్యి" అన్నాడు.

నాయిన లోపలికి పోయి సీసా, గిన్నె తెచ్చాడు. మోరి దగ్గర గొంతుకూర్చుని, మొహం పక్కకు తిప్పుకుని వంచాడు. ఆయనకు తాగాలనిపించలేదని నేను చెప్పలేను. మెడ నరాలు ఉబ్బి, గుటకలు మింగుతున్నాడు. అయినా ఆఖరి చుక్క దాకా వంచాడు. ఇటుక రంగు నీళ్ళు మా గిన్నెలు కడిగిన బూడిద నీళ్ళతో కలిసి మోరిలోంచి వీధిలోకి పోయాయి. ఇంకెవరికీ ఎక్కడా దొరకదన్న ఆ సీసా అలా అయిపోయింది.

పెద్దాయన పోయాక నేను నాయిన మీద పడ్డాను. "ఎందుకట్ల చెప్పినవ్? నీకేమన్న పిచ్చా?"

"మీ అమ్మ ఆ పని పోతే బతుకదు. నువ్వు బడికి పోవాలె" అన్నాడు. "ఒక ఇంటికి ఒక్క తాగుబోతు చాలు." అని సైకిలెక్కి దుకాణానికి పోయాడు. అన్నం కూడా తినలేదు.

అమ్మ పడి నిద్రపోయింది. పొద్దు వాలాక లేచి, తల పట్టుకుని, ఏం జరిగిందని అడిగింది. చెప్పాను. అంతా విని చాలాసేపు మేకుకున్న తెల్ల చొక్కా వైపు చూస్తూ కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు. "కిస్మిస్ నానేసినవా?" అని మాత్రం అడిగింది. వేశానన్నాను. లేచి పొయ్యి ముట్టించింది.

మర్నాడు నాయిన ఆ చొక్కా వేసుకునే వచ్చాడు. గుడిలోకి రాలేదు. మెట్ల మీద తన చోట్లో కూర్చున్నాడు. ఇస్త్రీ నలుగుతుందని కాబోలు, గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చున్నాడు. లోపలికి పోయేవాళ్ళు ఆయన్ను చూసి మొహం తిప్పుకుని పోతున్నారు. వార్త అప్పటికే అందరికీ చేరింది.

ప్రార్థనలయ్యాయి. బల్ల దగ్గరికి వరస వరసగా పోయి మోకరించాం. అయ్యగారు గ్లాసుల పళ్ళెం తెచ్చారు. అమ్మ ఒక గ్లాసు తీసుకుంది. తాగలేదు. చేతిలో పట్టుకుని లేచి నిలబడింది.

"అయ్యగారూ" అంది. ఆస్పత్రి వార్డులో పిలిచే గొంతు అది, గుడంతా వినబడింది. "నిన్న మా ఇంట్ల తాగింది మా ఇంటాయన గాదు. నేను. ద్రాక్షారసమనుకోని ఒకటిన్నర గ్లాసు షరాబు తాగిన. ఆయన సీసా మూతి గూడ ముట్టలే. నా మీదికి రాకుంట తన మీద ఏసుకున్నడు."

అయ్యగారు పళ్ళెం పట్టుకుని అలాగే వంగి ఉండిపోయారు. పెద్దాయన లేచాడు. "చెల్లే, మొగన్ని కాపాడుకునుడు మంచిదే. గాని దేవుని ముందల అబద్ధం..."

"అబద్ధమా? నమ్మరా?" అంది అమ్మ. "ఆయన అబద్ధం చెప్తే ఒక్క మాటకే నమ్మితిరి. నేను నిజం చెప్తే నమ్మరా?" ఇక ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా, బెంచీల మధ్య నుంచి నడిచి తలుపు దాటిపోయింది. నేను వెనకాలే పరుగెత్తాను.

అమ్మ మెట్ల మీద నాయిన పక్కన కూర్చుంది. నాకు తెలిసి ఆ ఇద్దరూ బయట ఒకరి పక్కన ఒకరు కూర్చోవడం అదే మొదటిసారి.

"తాగు" అంది.

"నాకు బల్ల లేదు గదనే."

"నాకు గూడ లేదు. తాగు."

నాయిన తలుపు వైపు చూశాడు. తలుపు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు, అయ్యగారు కూడా. నాయిన గ్లాసు తీసుకున్నాడు. నల్లటి వేళ్ళ మధ్య అది కనబడనేలేదు. తల వంచి తాగాడు. బీదరు చుట్టుపక్కల మా నాయిన రుచి చూడని సీసా లేదు. కానీ అమ్మ చేతి రసం అప్పటిదాకా ఆయన నోట్లో ఒక్క చుక్క పడలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. ఒకే ఇంట్లో, ఆ కూజాకు నాలుగడుగుల దూరంలో పడుకున్న మనిషి!

నాయిన కళ్ళు మూసుకుని నాలుక అంగిలికి ఆనించి అలాగే ఉన్నాడు. తరువాత కళ్ళు తెరిచి, ఖాళీ గ్లాసులోకి చూసి, మెల్లగా అడిగాడు.

"ఇంకింత ఉన్నదా?"

ఆ మాట వింటూనే పెరిగాను నేను. ఆ మాట వినబడితే అమ్మ చీపురు అందుకునేది, నేను మంచం కింద దూరేదాన్ని. ఇప్పుడు అమ్మ ఆయన మొహంలోకి చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచి, తలుపు దగ్గరి జనాన్ని తోసుకుంటూ లోపలికి పోయింది. బల్ల మీది కూజా ఎత్తి చంకన పెట్టుకుని తిరిగొచ్చింది. ఎవరూ అడ్డం రాలేదు.